పడవామె ఇచ్చిన వాసన సీసా

పోయినేడు అమ్మను తీసుకొని బ్యాంకాక్ పోయిన. ఒకరోజు గైడు మమ్మల్ని నీళ్ల మీద జరిగే సంతకు తీసుకపోయిండు. ఆడ పండ్లు, కూరగాయలు, వంటలు అన్నీ పడవల మీదనే అమ్ముతరు.

ఎండకు, పడవ ఊపుకు అమ్మకు కండ్లు తిరిగినయ్. నా భుజం మీద వాలిపోయింది. పక్క పడవల మామిడిపండ్లు అమ్మే ముసలామె అది సూసి దగ్గరికొచ్చింది. వేలంత సీసా తీసి అమ్మ ముక్కు కాడ పెట్టబోయింది.

నేను చెయ్యి అడ్డం పెట్టిన. మాది నాచారం. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ మా బావకు ఎవరో బిస్కెట్ తినిపించి, మత్తులో పడేసి గొలుసు ఎత్తుకపోయిన్రు. అప్పటి నుంచి కొత్తోళ్లు ఏమిచ్చినా ముట్టం.

"ఏంది గది?" అని గైడును అడిగిన.

"మూలికలు సార్. ఈడ అందరి జేబుల్ల ఉంటది" అని వచ్చీరాని హిందీల చెప్పిండు. గైడు, ముసలామె ఇద్దరూ ఒక్కటేనేమో అనిపించింది.

ముసలామె ముందు తనే గట్టిగ పీల్చి చూపించింది. నేను చెయ్యి తియ్యలే.

"జరుగు బిడ్డా! పానం పోతాంటే నీ అనుమానమేంది?" అని అమ్మనే సీసా అందుకొని పీల్చింది. కర్పూరం, లవంగం వాసన గుప్పుమన్నది. కాసేపటికి లేచి కూసుంది.

అమ్మ కొంగుముడి విప్పి, ఉప్పు పట్టించిన వాము ఆమె చేతిల పోసింది. ముసలామె వాసన సూసింది గని తినలే. నా దిక్కు వేలు చూపి ఏదో అన్నది.

గైడు నవ్విండు. "ముందు మిమ్మల్ని తినమంటుంది సార్."

చిటికెడు నోట్ల వేసుకున్న. నేను మింగేదాక ఆమె నా మొహం మీదికెళ్లి కండ్లు తియ్యలే.