బొంత కడుపు

చిరాగ్‌పల్లిలో మా పక్కింటి అవ్వ పాత చీరల పేలికలతో బొంతలు కుట్టేది. నడుమ ఆఖరి ముక్క మూసే ముందు, జొన్నరొట్టె గోరంత తుంచి లోపల పెట్టేది. "దీని కడుపు ఖాళీ ఉండొద్దు బిడ్డా. కప్పుకున్నోళ్లు ఉపాసం పంటరు" అనేది.

నిరుడు ఆమె బొంతనొకదాన్ని హైదరాబాద్‌లో ప్రదర్శనకు పట్టుకెళ్లాను. లోపలి రొట్టెకు పురుగు పడుతుందని నిర్వాహకులు అభ్యంతరం పెడితే, నేనే ఆ ముక్క కుట్లు విప్పి, రొట్టె తీసి పారేసి, మళ్లీ కుట్టాను. వచ్చినవాళ్లంతా ఆ వంకర గళ్లనూ, పసుపు పక్కన పడిన ఊదా రంగునూ చూసి ఎంత ఆధునికమైన డిజైనో అన్నారు. అదేదో నా గొప్పయినట్టు నేను నవ్వుతూ ఫొటో దిగాను.

తిరిగొచ్చి అవ్వకు ఫోన్‌లో ఆ ఫొటో చూపించాను. ఎవరేమన్నారని ఆమె అడగలేదు. బొంత నడిమి భాగాన్ని పెద్దది చేసి చూపించమంది.

"ఈ కుట్టు నాది కాదు. ఎవరు విప్పిన్రు?"

"నేనే అవ్వా. పురుగు పడ్తదన్నరు."

"అయితే ఉపాసమున్నదాన్ని గోడకు ఏలాడదీసి చూసిన్రు" అంది.

మొన్న నా మనవరాలికని చిన్న బొంత అడిగితే కాదనకుండా కుట్టింది. నడిమి ముక్క మాత్రం మూయలేదు. దానికి సూది గుచ్చి నా చేతికిచ్చింది.

"నీకు కుట్టొస్తది కద బిడ్డా."

వంటింట్లో రొట్టె ఉంది. తుంచడానికి నాకింకా చేతులు రావడం లేదు.