ఇసుకల బాపు

నిన్న సిద్దిపేట బస్టాండ్‌ల నా పక్కన కూసున్న పెద్దామె ఫోన్‌ల భక్తి వీడియో చూస్తున్నది. మోషే నడిచిన దారి ఎంబడి ఇప్పటి మనుషులు నడుస్తున్నరు. ఎటు చూసినా ఇసుకనే.

నా చిన్నప్పుడు మా తొగుట చర్చిల పాస్టర్ గసొంటి సినిమానే తెల్ల దుప్పటి మీద ఏసిండు. అప్పటికే బాపు సౌదీల గొర్లు కాయబోయిండు. ఫోన్ బందై చానా నెలలాయె. లోకంల గంత ఇసుక ఒక్క జాగలనే ఉంటదని నేననుకునేదాన్ని.

సినిమాల ఓ గొర్ల మంద, దాని ఎనుక కట్టె పట్టుకున్న మనిషి కనవడ్డరు. నేను ఉరికి దుప్పటి పట్టుకున్న. ఆ మనిషి నా చెయ్యి మీదికెళ్లి నడిచిండు.

"అయ్యగారూ, జర ఆపున్రి. గాయన మా బాపు."

అందరు నవ్విన్రు. అమ్మ నన్ను గుంజుకపోయి ఈపు మీద ఒక్కటేసింది. "గది దేవుని సినిమా. మీ బాపు గాడెందుకుంటడు?"

తెల్లారి అమ్మనే పాస్టర్ ఇంటికి పోయింది. "అయ్యగారూ, ఆ సినిమా ఇంకోపారి ఎయ్యున్రి." ఆమె భక్తికి ఆయన సంబురపడి, సాయంత్రం మళ్ల ఏసిండు. గొర్లు రాంగనే అమ్మ లేచి దుప్పటి దగ్గరికి పోయింది. ఆ మనిషి మొఖంల మొఖం పెట్టి చూసింది. అప్పుడు ఎవ్వరు నవ్వలే.

బాపు పత్తా ఇయ్యాల్టికీ లేదు.

"చూస్తవా బిడ్డా?" అని పెద్దామె ఫోన్ నా దిక్కు జరిపింది. గొర్లు ఎప్పుడొస్తయా అని చూసుకుంట కూసున్న. తొగుట బస్సు వచ్చిపోయింది.