గుప్పిట్లో చుక్కల సీసా

రాయగడ స్టేషన్‌లో బెంచీ మీద నా పక్కన ఒక నర్సమ్మ కూర్చుంది. కాళ్ల దగ్గర ముసలి నాటుకుక్క, ఒళ్లో ఐసు వేసిన ఫ్లాస్కు. కుక్క మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథికి గడ్డ వస్తే, బతకదన్నారని దూరపు ఆసుపత్రికి తీసుకెళ్లి గ్రంథి మొత్తం తీయించిందట. నేను దాని తల మీద కుట్ల కోసం వెతికాను.

"పైకి కనబడదమ్మీ. నోట్లోంచి, అంగిలి కోసి తీసేసేరు. సెనగ్గింజంతుంటాది," అంది.

నా నోరు ఊరుకోదు. "వీధికుక్కకి ఇంత ఆపరేషనేటండీ?" అనేశాను.

ఆమెకి కోపం రాలేదు. "ఆ గ్రంథి లేకపోతే ఒంట్లో నీరు నిలవదు, తాగిందంతా పోతాది. ఆ గింజ సేసే పని ఇప్పుడు నేను సేస్తన్నాను. రెండుపూటలా మాత్ర, నీరు నిలిపే మందు మూడుపూటలా కంట్లో సుక్క. కంట్లోంచే ఒంట్లోకెల్తాది."

ఫ్లాస్కులోంచి చిన్న సీసా తీసింది కానీ వెంటనే చుక్క వేయలేదు. కాసేపు గుప్పిట్లో మూసి పట్టుకుంది.

"సల్లగా పడితే ఉలిక్కిపడతాది."

గుప్పిట తెరవగానే కుక్క తనంతట తనే తలెత్తింది.

ఇంతలో నా బండి వచ్చింది. ఆమె పేరైనా అడగలేదు.

ఇప్పుడు మా అత్తకి రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి కంటి మందు నేనే వేస్తాను. "సీసా సేతిలో ఎట్టుకుని ఏటాలోసిస్తన్నావు?" అని ఆవిడ విసుక్కుంటుంది.