అత్త వేషం

పోలీసుల ట్రైనింగులో నాది అత్త వేషం. కొత్తగా చేరిన కానిస్టేబుళ్ళు, స్టేషన్లలో పనిచేసే ఎస్సైలు విడతలు విడతలుగా నెల్లూరికి వస్తారు. ఫలానా ఇంట్లో మొగుడు పెళ్ళాన్ని కొడుతున్నాడని ఫోను వస్తే ఆ ఇంటికి ఎలా పోవాలి, ఎవరిని ఏం అడగాలి, ఏం అడక్కూడదు అని వాళ్ళకు నేర్పుతారు. పొద్దునంతా చట్టం చెబుతారు. అది నాకు అర్థం కాదు. గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో నేల మీద సుద్దముక్కతో ఇల్లు గీస్తారు. ఇది వాకిలి, ఇది వసారా, ఇది వంటిల్లు. అప్పుడు నన్ను పిలుస్తారు.

నన్ను ఇందులోకి తెచ్చింది ఆడవాళ్ళ కేసులు చూసే ఆఫీసులోని మేడం. నేను చేపలమ్మేదాన్ని. మైపాడుకు అవతల మా పల్లె. పొద్దున్నే రేవులో వేలం పాడి, చేపలకు ఐసు వేసుకుని, ఆటోలో నెల్లూరికి వచ్చి వీధులు తిరుగుతాను. నా గొంతు బొంగురు గొంతు. వీధి మొదట్లో అరిస్తే చివరి ఇంట్లో పిల్లి లేస్తుందని మేడం అంటారు. నాకు ముందు అత్త వేషం టైపు కొట్టే అమ్మాయి వేసేదంట. ఆ అమ్మాయి నోరు తెరవగానే పోలీసులు నవ్వేవాళ్ళంట, వాళ్ళను చూసి ఆ అమ్మాయికీ నవ్వొచ్చేదంట. ఒకరోజు మేడం ఇంటి ముందు నేను ఎవరితోనో చందువ చేపల బేరం దగ్గర గొడవ పడుతుంటే విని, అక్కా, నువ్వు అత్తలాగా మాట్లాడగలవా అని అడిగారు.

"నేను అత్తనే గదమ్మా. మళ్ళా లాగా ఏంది?" అన్నాను.

ఆమెకు మా ఇంటి సంగతి అప్పటికి తెలియదు.

నా మొగుడు కామెర్లతో పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు. నా మొగుడు నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. తాగినా నవ్వుకుంటూ వచ్చి పడుకునే మనిషి. అందుకనే నా కొడుకు పెళ్ళాన్ని కొట్టడం మొదలుపెట్టినప్పుడు తప్పు ఆ పిల్లదే అనుకున్నాను. అలాంటివాడికి పుట్టినవాడు ఊరికే ఎందుకు కొడతాడు, ఈమె నోరు మంచిది కాదు అనుకున్నాను. నిజానికి నాకున్న నోట్లో పావు వంతు కూడా ఆ పిల్లకు లేదు. బోగోలు వైపు పిల్ల. ఏదన్నా అడిగితే ముందు తల దించుకుని తర్వాత మాట్లాడేది. అది తెలిసి కూడా అలాగే అనుకున్నాను.

ఒక సాయంత్రం, పుట్టింటివాళ్ళతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడిందని వాడు ఆమెను చెంప మీద, చెవి మీద కొట్టాడు. రెండో దెబ్బ కూడా అక్కడే పడింది. మా మనవరాలు మంచం కింద దూరింది. కోడలి చెవిలోంచి రక్తం కారి జాకెట్టు భుజం తడిసింది. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. చెయ్యి చాస్తే అందేంత దూరం.

ఆ పిల్ల బయటికి పరిగెత్తి, పక్కింటివాళ్ళ ఫోను అడుక్కుని పోలీసులకు చేసింది. మా పల్లెలో అది పెద్ద తప్పు. ఏ తగువైనా ముందు ఊరి పెద్దలకు చెప్పాలి. వాళ్ళను దాటి స్టేషనుకు పోతే ఇంటికంతా జరిమానా వేస్తారు, మగవాణ్ణి పడవ ఎక్కనివ్వరు. దాంతో కొట్టినవాడి సంగతి పక్కకు పోయింది. ఫోను చేసిన సంగతే ఊరంతా పాకింది.

పోలీసులు ఇద్దరు వచ్చారు. తొందరగానే వచ్చారు, ఆ మాట చెప్పాలి. కానీ మా ఇంటికి రాలేదు. ఊరి పెద్ద అరుగు మీద కుర్చీలు వేస్తే అక్కడ కూర్చున్నారు. టెంకాయ నీళ్ళు తాగారు. మమ్మల్ని అక్కడికే పిలిపించారు. కొడుకు, కోడలు, నేను వరసగా నిలబడ్డాం. చుట్టూ ఊరు. కోడలు చెవికి తువ్వాలు అదిమి పట్టుకుని ఉంది. పోలీసాయన ఆమెను ఒక మాట అడిగాడు. ఆమె గొంతు పెగిలేలోపే నా వైపు తిరిగాడు. ఇంట్లో పెద్ద ఆడది, ఈమె చెబితే సరిపోతుంది అనుకున్నాడేమో. ఏమ్మా, ఏం జరిగింది అన్నాడు.

నా కొడుకు మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది.

"ఏం లేదు సార్. కాలుజారి పడింది. ఐసు పెట్టె అంచు తగిలింది."

అంత తొందరగా నా నోటికి అబద్ధం వస్తుందని నాకే తెలియదు. ఆయన అది రాసుకుని, చదివి వినిపించి, నా వేలిముద్ర తీసుకున్నాడు. ఆలుమగలు సర్దుకుపోవాలని నాలుగు మాటలు చెప్పి ఇద్దరూ వెళ్ళిపోయారు. తెల్లారి కోడలు బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోయింది.

కొన్నాళ్ళకు ఆమె అన్న కోర్టులో కేసు వేయించాడు. ఆ కేసులో నా కొడుక్కి బలం ఒక్కటే, నా వేలిముద్ర ఉన్న ఆ కాగితం. సొంత అత్తే పడింది అని చెబితే కొట్టినట్టు ఎలా అవుతుంది అని లాయరు అన్నాడంట. కోడలి అన్న మా ఇంటికి వచ్చి, అత్తా, ఆ కాగితం తప్పని ఒక్క మాట చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. అతను చాలాసేపు బయట నిలబడ్డాడు. అతని చెప్పుల చప్పుడు పోయేదాకా నేను తలుపుకు ఆనుకునే ఉన్నాను. ఆ మాట చెబితే నా కొడుకు పోతాడు. కొడుకు పోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడేది ఎవరు? నా భయం అంతే. దానికి ఇంకో పేరు లేదు.

ఇది జరిగిన తర్వాత మేడం నన్ను అత్త వేషానికి పిలిచారు.

మొదటి రోజు ఏం మాట్లాడాలో మేడం చెప్పబోయారు. కొడుకు కొట్టాడని పోలీసులకు తెలియకూడదు, నువ్వు ఏదో ఒకటి చెప్పి పంపెయ్యాలి అన్నారు. సరే అన్నాను. కోడలి వేషం ఆ టైపు కొట్టే అమ్మాయిది. మొగుడి వేషం రిటైరుమెంటుకు దగ్గర పడిన ఒక ఏఎస్సై గారిది. పొట్టాయన, మంచాయన. మీసం మెలేసి, నా పెళ్ళాం నా ఇష్టం అని గట్టిగా అనాలి. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. గోడ వైపు తిరిగి, "ఆఁ, తెస్తుండా, పెరుగు ప్యాకెట్టు కూడా తెస్తుండా" అని గుసగుసగా చెప్పాడు. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అయిపోయాక ఇద్దరు కుర్ర కానిస్టేబుళ్ళు సుద్దగీత దాటి లోపలికి వచ్చి, అమ్మా ఏం జరిగింది అని అడిగారు.

నా నోటికి ఇంకో మాట రాలేదు. ఏం లేదు సార్, కాలుజారి పడింది, ఐసు పెట్టె అంచు తగిలింది అన్నాను.

వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు. మేడం చప్పట్లు కొట్టి, చూశారా, ఇలాగే మోసపోతారు అని వాళ్ళకు చెప్పారు. నా దగ్గరికి వచ్చి, ఎంత సహజంగా చెప్పావక్కా అన్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి విడతకూ అదే మాట చెప్పాను. అందరూ మోసపోయేవాళ్ళు. ఒకాయన గద్దించి అడిగేవాడు, ఒకాయన కోడల్నీ నన్నూ పక్కపక్కన నిలబెట్టి అడిగేవాడు, ఒకాయన ఊరి పెద్ద ఎవరు, పిలవండి అనేవాడు. టీ తాగేటప్పుడు నా చుట్టూ మూగి, అమ్మా, నువ్వు సినిమాల్లో చేరు అనేవాళ్ళు. అంతమంది మధ్యలో బిస్కెట్టు నమలబుద్ధి కాక చేతిలోనే పట్టుకుని నిలబడేదాన్ని. సాయంత్రం ఇంటికి పోతే నా కొడుకు తలుపు తీసి అన్నం ఉందా అనేవాడు. ఉందనేదాన్ని. ఆ రోజుకు మా మాటలు అవే.

ఒక విడతలో ఒక ఆడపిల్ల వచ్చింది, కానిస్టేబులు. సన్నగా, టోపీ చెవుల దాకా దిగి ఉంది. ఆమె వంతు వచ్చినప్పుడు గీత దాటి వచ్చి నన్ను ఏమీ అడగలేదు. తనతో వచ్చిన కానిస్టేబులుతో, అన్నా, నువ్వు ఈయనతో వాకిట్లో మాట్లాడుతుండు అని మొగుణ్ణి బయటికి పంపించింది. కోడలి దగ్గర కాసేపు కూర్చుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, పెద్దమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా అంది. నీళ్ళంటే వంటింటి గీత లోపలికి పోవాలి. ఆమె నా వెనకే వచ్చింది. వాకిట్లో ఉన్నవాళ్ళకు మా మాట వినపడదు. నేల మీద కూర్చుని నన్నూ కూర్చోమంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెద్దమ్మా, నీకు నీ కొడుకంటే భయమా?"

అంతకుముందు ఎవరూ అది అడగలేదు. నాటకంలో అడగలేదు, ఆ రోజు అరుగు మీద అడగలేదు. ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళూ అడగలేదు.

"కొడతాడని భయం లేదు మే. పోతాడని భయం" అన్నాను.

ఆ పిల్ల తొందర పడలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, ఆయమ్మి ఎట్ట పడింది పెద్దమ్మా అంది.

"పడలా. వాడు కొట్టినాడు. నేను పొయ్యికాడే ఉన్నా."

హాలంతా చప్పట్లు. ఆ పిల్ల గెలిచిందని చప్పట్లు. ఏఎస్సై గారు, నన్ను పట్టించేసినావు గదమ్మా అని నవ్వుతూ బేడీలు వెయ్యమన్నట్టు చేతులు ముందుకు చాపాడు. అందరూ లేచి ఆ పిల్ల వీపు తడుతున్నారు. నేను సుద్దగీతల మధ్య కూర్చునే ఉన్నాను. చప్పట్లు కొట్టనిది మేడం ఒక్కరే. నన్నే చూస్తున్నారు.

ఆటో స్టాండు దాకా మేడం నాతో నడిచారు. ఏం అడగలేదు. నేనే చెప్పాను, మొత్తం. విని, కాగితం మార్చవచ్చు అక్కా, కానీ నువ్వు చెయ్యమంటేనే అన్నారు. రెండు రోజులు చేపలకు పోలేదు. మూడో రోజు మేడంతో పోయి, అప్పుడు చెప్పింది అబద్ధమని కొత్త కాగితం రాయించాను. ఈసారి వేలిముద్ర వద్దన్నాను. మేడం నేర్పించిన సంతకం పెట్టాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

నా కొడుక్కి లాయరు ద్వారా తెలిసింది. అరవలేదు. సంచిలో బట్టలు కుక్కుకున్నాడు. "పెళ్ళాం ఫోను చేసింది. నువ్వు సంతకం పెట్టినావు. బాగా దొరికినారు నాకు ఆడోళ్ళు" అన్నాడు. వాకిలి దాటి పోయి, ఛార్జరు మర్చిపోయి వెనక్కి వచ్చాడు. గోడకున్నది పీకి నేనే చేతికిచ్చాను. తీసుకున్నాడు. మద్రాసు పోయి పెద్ద బోట్లలో చేరాడని తర్వాత ఎవరో చెప్పారు. ఫోను చేస్తే ఎత్తడు. రేవులో నాతో చేపలు పంచుకునే ఆడవాళ్ళు ఆటోలో చోటు లేదంటున్నారు. చోటు ఉన్నది నాకు కనపడుతూనే ఉంటుంది. భయపడ్డదే జరిగింది.

ట్రైనింగుకు మాత్రం పోతున్నాను. వేషం అయ్యాక ఇప్పుడు మేడం నన్ను నాలుగు మాటలు చెప్పమంటారు. జీపు ఊరి పెద్ద ఇంటి ముందు ఆపొద్దయ్యా, టెంకాయ నీళ్ళు తర్వాత తాగొచ్చు, దెబ్బ తిన్నదాన్ని అందరి ముందూ నిలబెట్టి అడగొద్దు, అత్తను కూడా విడిగా అడగండి అని చెబుతాను. కొందరు రాసుకుంటారు. కొందరు ఫోన్లు చూసుకుంటారు.

కోర్టుకు పిలిచిన రోజు నా కొడుకు వచ్చాడు. బాగా నల్లబడ్డాడు. నా వైపు చూడలేదు. వాడి లాయరు నన్ను నిలబెట్టి, పోలీసుల దగ్గర వేషాలు కడతావంట గదమ్మా, ఇదీ ఒక వేషమేనా అని అడిగాడు. వెనక ఎవరో నవ్వారు.

"వేషం ఆ రోజు కట్టినా సార్, అరుగు ముందర. ఇది కాదు" అన్నాను. నా గొంతు పెద్దది కదా, గదంతా వినపడింది. జడ్జిగారు తలెత్తి చూశారు. తర్వాత వాళ్ళు ఏవేవో అడిగారు. చూసింది చూసినట్టు చెప్పాను.

బయటికి వచ్చేసరికి వాడు వెళ్ళిపోయాడు. కోడలు, మనవరాలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. బిడ్డ ఎదిగింది, బడి బూట్లు వేసుకుంది. నేను పక్కన నిలబడి, మే, అని రెండుసార్లు పిలిచాను. కోడలు తిరగలేదు. కోపం, ఉండదా మరి అనుకుని పోబోయాను.

"ఆ పక్క అమ్మకు వినపడదు అవ్వా. ఈ పక్కకి రా" అంది బిడ్డ.

నాకు అది ఎవరూ చెప్పలేదు. బెంచీ చుట్టూ తిరిగి రెండో పక్కకు పోయాను. కోడలు నన్ను చూసి జరిగి చోటిచ్చింది. బిడ్డ జడ సర్దుతూ అంది. "ఆ రోజే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా అత్తా?"

"వచ్చేది కాదు" అన్నాను.

"ఇప్పుడు ఇంట్లో ఎవరుండారు?"

"ఎవరూ లేరు."

తల ఊపింది. రమ్మని అనలేదు. అనాలని నేనూ అనుకోలేదు. బస్సు టైము అయ్యేదాకా ఆ పక్కనే కూర్చున్నాను. బిడ్డ కాళ్ళూపుతూ గోడ మీది కాగితాలు కూడబలుక్కుని చదువుతోంది. తర్వాత వాళ్ళు కావలి బస్సుకు పోయారు, నేను మైపాడు బస్సుకు.