హీరో తుపాకీలో తూటాలు

మధురవాడ ఫ్లాట్‌లో మా అబ్బాయి ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతుంటే 'టక్ టక్'మని వినిపించింది. తూటాలు అయిపోయిన చప్పుడది. నా పాత కోపం లేచింది.

నాకు పదేళ్ళప్పుడు, మేనత్త కొడుకు బావ గాజువాకలో కంప్యూటర్ గేముల సెంటర్‌కి తీసుకెళ్ళాడు. సినిమా హీరోలా మైదానం మధ్యలో నిలబడి కాల్చాను. కాసేపటికి తుపాకీ పేలడం మానేసింది. మౌస్ పాడైందని మూడుసార్లు మార్పించాను.

"తూటాలైపోనాయిరా. మళ్ళీ నింపుకోవాల," అన్నాడు బావ.

"హీరోకి అయిపోవు బావా. ఏ సినిమాలో నింపుకున్నాడేటి?"

బావ నవ్వాడు. నేను ఏడుస్తూ బయటికొచ్చేశాను. నింపుకునే ముక్క సినిమాల్లో చూపించరని అప్పుడు తెలియదు.

ఇప్పుడు ఆటలో మావాడి బొమ్మకి అచ్చం ఆనాటి సినిమా హీరో వేషమే. నల్ల కళ్ళద్దాలు, తోలు కోటు వేసుకుని గడ్డిలో బోర్లా పడుకుంది.

"హీరోవి కదరా, లెగిసి ఎల్లు."

"ఎల్తే సచ్చిపోతాను నాన్నా. డ్రెస్ బాగుందని ఏసాను, అంతే."

ఒళ్ళు మండి ఫోన్ లాక్కున్నాను. బొమ్మని లేపి, నడిమధ్యకి నడిపించి, కాల్చాను. కాసేపటికే 'టక్ టక్'. నింపుకునే బటన్ ఎక్కడుందో కనపడలేదు.

తిట్టుకోవడానికి ఈసారి మౌస్ కూడా లేదు.