ఇప్పపూలప్పుడు పుట్టినవాడి వయసు

ఒక పిల్లాడి వయసు నేను తప్పు రాశాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ బరువు మోస్తున్నాను. పొరపాటున రాసింది కాదు, తెలిసే రాశాను. ఇంట్లో చెప్పలేదు, తోటి ఉద్యోగులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ధైర్యం వచ్చి కాదు. అలసిపోయాను, అంతే.

దీనికంతటికీ మొదలు ఒక సినిమా. లేదా అలా అనుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఖమ్మంలో ఆరోగ్యశాఖ ట్రైనింగులో ఉన్నప్పుడు ఒక కాలేజీ హాల్లో తెరకట్టి పాత ఇంగ్లిషు సినిమా వేశారు. రాబోయే కాలంలో జనం కిక్కిరిసిపోయిన నగరం. మెట్ల మీదే నిద్రలు, నీళ్లకు వరసలు, కూరగాయ రుచి మరిచిపోయిన మనుషులు. అందరూ పంచిపెట్టే బిళ్లలు తిని బతుకుతారు. ఆ బిళ్లలు చచ్చిపోయిన మనుషులతోనే చేస్తున్నారని చివరికి గానీ తెలియదు. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. నా అభిప్రాయం అప్పుడే గట్టిపడిపోయింది. తప్పంతా కనేవాళ్లదే.

ఆ మాట ఎంతమందికి చెప్పానో. జూలూరుపాడు చుట్టుపక్కల బడుల్లో, జనాభా దినోత్సవం వచ్చిందంటే మైకు పట్టుకుని ఆ కథే చెప్పేవాణ్ణి. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. మా తండాలో మా అమ్మకు నేను ఏడో సంతానం. ఆ సంగతి మాత్రం మైకులో ఎప్పుడూ చెప్పలేదు. నా సిద్ధాంతం ప్రకారం నేను పుట్టకూడనివాణ్ణి కదా? అప్పుడు తట్టలేదా, తట్టినా పక్కకు తోసేశానా? తోసేసే ఉంటాను.

తరువాత భద్రాచలం వైపు అడవి ఊళ్లలో పోస్టింగ్ వచ్చింది. కుటుంబ నియంత్రణ శిబిరానికి ఆడవాళ్లను ఒప్పించి తీసుకురావడం మా పని. మా మాటల్లో వాళ్లు 'కేసులు'. ఇన్ని తేవాలని పైనుంచి లెక్క ఉండేది. ఒక డిసెంబరులో నాకు ఒక కేసు తక్కువైంది.

ఒక కోయగూడెంలో ఆమె దొరికింది. పేరు రాయను. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. నాలుగేళ్ల ఆడపిల్ల, చంకలో మగపిల్లాడు. చిన్నబిడ్డకు ఏడాది నిండితే తప్ప ఆపరేషన్‌కు తీసుకోకూడదని మాకు నియమం. ఆ గూడెంలో తేదీలు ఎవరూ రాసిపెట్టుకోరు, కాలాన్ని బట్టి చెబుతారు. పిల్లాడు ఎప్పుడు పుట్టాడని అడిగితే ఇప్పపూలు రాలేటప్పుడు అంది. అంటే అంతకు ముందు వచ్చిన ఎండాకాలం మొదట్లో. ఎనిమిది నెలలు. చంకలో పిల్లాణ్ణి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నేను ఫారంలో ఇంకో ఏడాది వెనకటి ఇప్పపూలకు పుట్టించి, ఇరవై నెలలు అని రాశాను.

ఆమె వద్దనలేదు. కొంచెం ఆగమంది. ఆ గూడెంలో బిడ్డ నడిస్తేనే నిలిచినట్టు. నడిచేదాకా ఇక చాలన్న మాట ఏ తల్లీ అనదు.

"పోరడు ఇంకా నడుస్తలేడు సారూ. నడిచినంక వస్త."

"నడువక ఏడికి పోతడమ్మా? గట్లేమన్న అయితే మళ్ల విప్పిస్త. ముడే కదా."

"నిజంగ విప్పుతరా?"

"అవ్. నేను లేనా?"

ఆపరేషన్‌లో గర్భనాళాలకు వేసిన ముడి విప్పడం పెద్ద నగరాల్లో తప్ప జరగదని, చేసినా మళ్లీ కడుపు పండుతుందన్న నమ్మకం లేదని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది నేను ఒక్కణ్ణే. పిల్లాణ్ణి చూస్తే డాక్టరుకు అనుమానం వస్తుందని, వాణ్ణి నాయనమ్మ దగ్గర వదిలి రమ్మన్నాను. శిబిరానికి పోయే దారంతా జీపులో ఆమె రవిక పాలతో తడుస్తూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పిల్లాడు నడవలేదు. మళ్లీ ఇప్పపూలు రాలకముందే జ్వరం వచ్చి పోయాడు.

సంత రోజున ఆమె మా ఉపకేంద్రానికి వచ్చింది. ఏడవలేదు. విప్పిస్తానన్న మాట గుర్తు చేసింది, అంతే. పెద్ద దవాఖానాకు రాసి కబురు తెప్పిస్తానన్నాను. రాయలేదు. ప్రతి సంతకూ ఆడపిల్లను వెంటబెట్టుకుని వచ్చి, గంప మెట్ల మీద దించి, కబురు వచ్చిందా అని అడిగేది. కొన్నాళ్లకు సంత రోజున నేను టూరు పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ తరువాత తల్లాడకు బదిలీ. అందరూ అదృష్టమన్నారు. కాళ్లావేళ్లా పడి చేయించుకున్నది నేనే.

ఇప్పుడు రిటైరై ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి, నాకు ఇష్టమని, టీవీలో ఆ సినిమా పెట్టింది. మళ్లీ చూశాను. కొన్నిచోట్ల నవ్వొచ్చేలా పాతబడింది. జనాన్ని లారీల్లోకి ఎత్తిపోసే చోట మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఈసారి నా కళ్లు జనం మీద నిలవలేదు. బిళ్లలు పంచేవాళ్ల మీద నిలిచాయి. అందులో ఏముందో చెప్పకుండా చేతిలో పెట్టేవాళ్లు. ఇంకొకటి కూడా చూశాను. అందులో పెద్ద ఇళ్లలో ఉండేవాళ్లు ఎప్పుడూ ఎక్కువ కాలేదు. మెట్ల మీద పడుకున్నవాళ్లే ఎక్కువయ్యారు. సినిమా మంచిదే. చూసినవాడే సరిగా చూడలేదు.

మరి సినిమా నన్ను చెడగొట్టిందా? లేదు. దాన్ని అడ్డం పెట్టుకున్నాను. లోకం నిండిపోతోందన్న భయంతో కాదు, నాకు ఒక కేసు తక్కువైందని చేశాను. ఇంత చిన్న కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. ఎలా ఉందని అమ్మాయి అడిగితే, బాగుందని చెప్పి లేచి వెళ్లిపోయాను.

ఆ గూడేనికి వెళ్లి ఆమె కాళ్లు పట్టుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్లలేదు. నన్ను చూడగానే, కబురు వచ్చిందనుకుంటుందేమో. ఆ ఒక్క క్షణాన్ని నేను తట్టుకోలేను. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆ ఫారం ఎక్కడ చెదలు తిందో, దాన్ని దిద్దడం నా వల్ల కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మగపిల్లాడు. ఇప్పపూలు రాలేటప్పుడు పుట్టాడు. ఆపరేషన్ నాటికి ఎనిమిది నెలలు. ఇంకా నడవలేదు.