వచ్చుడు దూరం

భూపాలపల్లి బస్టాండు ఎదురుగా జిరాక్సు, ఆన్‌లైన్ టికెట్ల దుకాణం నాది. ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో కంప్యూటర్ తెరవకుండానే చెప్పేవాణ్ని. దుబాయ్ సంగతి మరీ కంఠతా. హైదరాబాద్ నుంచి దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు, విమానంలో మూడున్నర గంటలు. మా అన్న అక్కడే పనిచేసేవాడు మరి. నాకు తెలియనిది లేదన్న పొగరు నెత్తికెక్కి ఉండేది.

అన్న చివరిసారి సెలవుకు వచ్చి తిరిగి పోయే రోజు. కాటారం దగ్గరి మా ఇంటి అరుగు మీద కూర్చుని వదిన రానుపోను టికెట్ చూస్తూ వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. ఒకటికి రెండుసార్లు పెట్టింది.

"ఏంది తమ్మీ గిది? పోవుడు రెండు గంటలే ఉన్నది. వచ్చుడేమో ఐదు గంటలున్నది. గట్లెట్లయితది?"

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. అంతే సంగతి. ఆ ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. చెప్పలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. "వచ్చేటప్పుడు గుట్ట ఎక్కాలె వదినా, గందుకే ఆలస్యం" అన్నాను. అన్న కూడా నవ్వాడు. వదిన నవ్వలేదు.

"అయితే పోయెటోళ్లకు దగ్గర, వచ్చెటోళ్లకు దూరమన్నట్టు" అని టికెట్ మడిచి అన్న జేబులో పెట్టింది. ఆ మాట టీ కొట్టు దగ్గర కూడా చెప్పి పదిమందిని నవ్వించాను. నా నోరు పడిపోను!

ఎనిమిది నెలలకు ఫోన్ వచ్చింది. అన్న తన గదిలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట.

శవాన్ని పంపడానికి కాగితాలు కావాలన్నారు. ఒకటి దొరికితే ఇంకొకటి లేదన్నారు. వదిన రోజూ పొద్దున్నే నా తలుపు దగ్గరికి వచ్చి ఒకటే మాట అడిగేది.

"తమ్మీ, ఎందాక వచ్చిండు?"

బస్సెక్కిన మనిషి గురించి అడిగినట్టే అడిగేది. "ఇంకా ఎల్లలే వదినా" అనేవాణ్ని. కిలోమీటర్లు తెలుసు, గంటలు తెలుసు, ఏం లాభం? ఆ ప్రశ్నకు భయపడి తెల్లారకముందే దుకాణానికి పారిపోయిన రోజులున్నాయి.

ఇరవై మూడో రోజు పెట్టె వచ్చింది. విమానం మాత్రం సరిగ్గా మూడున్నర గంటల్లోనే దిగింది. అంబులెన్సు వాకిట్లో ఆగాక వదిన పెట్టె మీద చెయ్యి వేసి, ఏడవకుండా నా వైపు చూసింది.

"నువ్వు నవ్వినవ్ తమ్మీ."

అంతే అన్నది. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నాకే అది వినపడుతూ ఉంటుంది, ప్రింటర్ లోంచి టికెట్ బయటికి వచ్చే ప్రతిసారీ.

మొన్న మహదేవపూర్ నుంచి ఒకామె భర్తకు దుబాయ్ రానుపోను టికెట్ కోసం వచ్చింది. కాగితం చూసి వేళ్లు మడిచింది. "అన్నా, వచ్చేటప్పుడు గిన్ని గంటలెందుకున్నయి?" అన్నది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. తెల్ల కాగితం మీద రెండు గడియారాలు గీసి, గంటన్నర తేడా నిదానంగా రెండుసార్లు చెప్పాను. ఆమెకు అర్థమైంది. మొహం తేటపడింది.

"అయితే పోవుడు, వచ్చుడు ఒకటే దూరమన్నట్టు. అంతే కదన్నా?"

టికెట్ మడిచి ఆమె చేతిలో పెట్టాను, అవును అనకుండానే.